నెల్లూరు మిద్దె మీద నాలుగు నెలలు: 130 మి.మీ. టెలిస్కోపుతో గ్రహాలు చూసిన నా అనుభవం

2024 అక్టోబరు 28న డబ్బు కట్టాను. వారంలో వస్తుందన్న పెట్టె నవంబరు 13న చేరింది, అంటే 16 రోజులు. గురుగ్రహం మీది పట్టీలు స్పష్టంగా కనిపించింది మాత్రం డిసెంబరు 28 రాత్రి. పెట్టె విప్పిన రోజుకీ ఆ రాత్రికీ మధ్య నెలన్నర. తప్పు టెలిస్కోపుదా, నా కంటిదా, ఆకాశానిదా అని తేలక ఆ నెలన్నరా చాలా నలిగాను. ఇప్పుడు కొంటున్నవాళ్లకు అంత నలుగుడు అక్కర్లేదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మాది నెల్లూరు, ఊరి నడుమ ఇల్లు. చూసేదంతా మిద్దె మీది నుంచే.

కొన్నది 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు దూరం) ఉన్న న్యూటోనియన్, అంటే అద్దాలతో వెలుగును పోగుచేసే టెలిస్కోపు. బల్ల మీద పెట్టుకునే రకం. కింద గుండ్రటి చెక్క పీఠం, దానికి ఒకటే చెయ్యి. గొట్టం పైసగం రెండు కడ్డీల మీద బయటికి జారుతుంది. ధర 23,800 రూపాయలు. వెంట 25 మి.మీ., 10 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు), గొట్టాన్ని గురిపెట్టడానికి ఎర్ర చుక్క ఫైండరు ఇచ్చారు. తక్కువ ధరకు వచ్చే 60 మి.మీ. గొట్టాల డబ్బాల మీద 500 రెట్లు, 600 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. వాటి జోలికి వెళ్లకండి. అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు దాకానే ఏ టెలిస్కోపైనా పనికొచ్చేలా పెద్దది చేయగలదు. 60కి 120, 130కి 260. అదీ గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి. ఎన్ని రెట్లో తెలియాలంటే ఫోకల్ లెంగ్తును ఐపీసు మీది అంకెతో భాగిస్తే సరి. నా దాంట్లో 25 వేస్తే 26 రెట్లు, 10 వేస్తే 65. ఈ నాలుగు నెలల్లో 130 రెట్లు దాటితే బాగా కనిపించిన రాత్రి నాకు ఒక్కటీ దొరకలేదు.

పెట్టె వచ్చిన సాయంత్రమే పైకి తీసుకెళ్లాను. మబ్బు. మర్నాడూ మబ్బే. మాకు నవంబరంటే ఈశాన్య రుతుపవనాల వానలు. గ్రహాల కోసం టెలిస్కోపు కొనే కోస్తావాళ్లు ఈ సంగతి ముందే లెక్కలో వేసుకోవాలి. నేను వేసుకోలేదు. ఆ ఖాళీ రోజుల్లో చేసుకోగలిగిన మంచి పని ఫైండరు సరిచేయడం. అది పగలే చేయాలి. కిలోమీటరు దూరంలో ఉన్న సెల్‌ టవరు కొసను 25 మి.మీ. ఐపీసులో నడిమధ్యకు తెచ్చి, గొట్టం కదలకుండా ఫైండరు మరలు తిప్పి ఎర్ర చుక్కను అదే కొస మీద కూర్చోబెట్టాలి. దగ్గరి కొబ్బరిచెట్టుకు పెడితే రాత్రి ఆకాశంలో గురి తప్పుతుంది. టవరుకు పెట్టినా రాత్రి నక్షత్రం మీద ఇంకొంచెం సవరించుకోవాలి. టవరు ఐపీసులో తలకిందులుగా కనిపిస్తే కంగారు పడొద్దు, న్యూటోనియన్‌లో బొమ్మ అలాగే వస్తుంది. ఇంకొకటి, ఫైండరు మీట కట్టేయడం మరిచిపోయారంటే తెల్లారేసరికి బిళ్ల బ్యాటరీ అయిపోతుంది. నాకు రెండు పోయాయి, ఒక్కోటి 40 రూపాయలు.

నవంబరు 20న ఏడు గంటలకు ఆకాశం విడిచింది. దక్షిణాన బాగా ఎత్తులో శని. పుస్తకాల్లో చూసిన వెడల్పాటి వలయం కోసం కన్ను పెట్టాను. 65 రెట్లలో కనిపించింది గోధుమరంగు పూస, దానికి అడ్డంగా గుచ్చిన సన్నటి పుల్ల. అంతే. గుండె జారింది. అద్దం పాడైందేమో అనుకున్నాను. సంగతేమిటంటే శని వలయం మనవైపు వంగే కోణం ఏళ్లతో పాటు మారుతుంది. 2024 నవంబరులో అది 5 డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే ఉంది. 2025 మార్చి 23న పూర్తిగా అంచు మీదికి తిరిగింది. సుమారు 15 ఏళ్లకోసారి ఇలా అవుతుంది. కాబట్టి వలయం ఇలా సన్నబడిన ఏళ్లలో శనిని చూసి టెలిస్కోపును తిట్టుకోకండి. ఆ పుల్లకు కొంచెం దూరంగా మసక చుక్క కనిపించింది, అది టైటన్. అది శని ఉపగ్రహమని తెలిశాక మాత్రం చాలాసేపు కన్ను తీయలేకపోయాను.

మళ్లీ మబ్బులు. నవంబరు 30 రాత్రి ఫెంజల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మా వైపూ వానలే. గురుడు డిసెంబరు 7న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడని, అప్పుడే బాగా పెద్దగా కనిపిస్తాడని రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆ తేదీ గురించి అంత ఆరాటం అక్కర్లేదని తర్వాత తెలిసింది. ఆ రోజు గురుడి వెడల్పు 48 ఆర్క్ సెకన్లు (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). నెల తర్వాత కూడా 46 ఉంటుంది. ఆ తేడా కంటికి తెలియదు.

డిసెంబరు 5న మబ్బుల సందున గంటసేపు గురుడు దొరికాడు. రోహిణి నక్షత్రం పక్కన, పిల్లలకోడికి (కృత్తికలకు) తూర్పున. శుక్రుడు అస్తమించాక ఆ రాత్రి ఆకాశంలో అంత వెలుగున్న చుక్క ఇంకోటి లేదు. 26 రెట్లలో నాలుగు ఉపగ్రహాలు ఒకే గీత మీద వరసకట్టి కనిపించాయి. ఒళ్లు పులకరించింది. 65 రెట్లకు మార్చగానే ఆనందం సగమైంది. గురుడు తెల్లటి ముద్దలా ఉన్నాడు, ఒక పక్కకు వెలుగు కారుతోంది. ఉపగ్రహాలు చుక్కల్లా లేవు. నాలుగింటికీ చిన్న తోకలు, నాలుగూ ఒకే వైపుకు. ఈ గుర్తు బాగా మనసులో పెట్టుకోండి. ఐపీసు నడిమధ్యలో ఉన్న చుక్కలన్నిటికీ ఒకే దిక్కున తోకలుంటే అద్దాలు ఒకదానికొకటి సూటిగా లేవని అర్థం. ఈ సూటి కుదర్చడాన్నే కొలిమేషన్ అంటారు. పెట్టె లారీల్లో ఎక్కీ దిగీ వస్తుంది కనక కొత్తదైనా తప్పి ఉండొచ్చు. నాది తప్పింది.

కొలిమేషన్ అంటే అందరూ భయపెడతారు. మొదటిసారి నాకు 40 నిమిషాలు పట్టింది, ఇప్పుడు మూడు నిమిషాల పని. లేజరు కొనక్కర్లేదు. ఐపీసు గొట్టానికి ఇచ్చిన ప్లాస్టిక్ మూతకు సరిగ్గా నడుమ కాల్చిన సూదితో 2 మి.మీ. బెజ్జం పెట్టాను. గొట్టాన్ని పడుకోబెట్టి తెల్ల గోడ వైపు తిప్పి, మూత బిగించి ఆ బెజ్జంలోంచి చూడాలి. నిలబెట్టి చేయకండి. పై మరలు విప్పేటప్పుడు చేతిలోని ఎలెన్ కీ జారితే నేరుగా అద్దం మీద పడుతుంది. పడుకోబెడితే ఆ బెంగ లేదు.

బెజ్జంలోంచి ముందు కనిపించేది పైనున్న చిన్న అద్దం. దాని లోపల కింది పెద్ద అద్దం ప్రతిబింబం గుండ్రంగా, దాన్ని పట్టుకున్న మూడు బిళ్లలతో సహా కనిపించాలి. నాకు రెండు బిళ్లలే కనిపించాయి, మూడోది అంచు వెనక దాక్కుంది. అంటే చిన్న అద్దం వాలు తప్పింది. దాని వెనక మూడు చిన్న ఎలెన్ మరలుంటాయి. ఒకదాన్ని కొద్దిగా వదులు చేసి మిగతా రెంటినీ అంతే బిగించుకుంటూ పోతే మూడో బిళ్ల బయటికొస్తుంది. మూడింటినీ ఒకేసారి వదులు చేస్తే అద్దమే తిరిగిపోతుంది. అప్పుడు పని మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత పెద్ద అద్దం. దాని నడిమధ్యన ఫ్యాక్టరీలోనే అంటించిన చిన్న ఉంగరం గుర్తుంటుంది. మూత బెజ్జం ప్రతిబింబం నల్ల చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క ఉంగరం లోపల కూర్చోవాలి. నా దాంట్లో ఉంగరం తన వెడల్పంత పక్కకు జరిగి ఉంది. గొట్టం అడుగున ఆరు మరలున్నాయి, మూడు సవరించేవి, మూడు బిగించి నిలిపేవి. నిలిపేవి వదులు చేసి, సవరించే మరను పావు చుట్టు తిప్పడం, వచ్చి చూడడం, మళ్లీ వెళ్లడం. ఇంకో మనిషి ఉంటే పని సగమవుతుంది, ఒకరు తిప్పుతుంటే ఒకరు చూడొచ్చు. చివర్లో నిలిపే మరలు బిగించేటప్పుడు గుర్తు మళ్లీ జరుగుతుంది. అందుకే చూస్తూ బిగించాలి.

అసలు పరీక్ష నక్షత్రం మీద. ఎక్కువ రెట్లలో నక్షత్రాన్ని కొద్దిగా ఫోకస్ తప్పిస్తే వలయాలు వలయాలుగా విచ్చుకుంటుంది, నడుమ నల్లటి బొట్టు ఉంటుంది. ఆ బొట్టు వలయాలకు సరిగ్గా నడుమనుంటే సూటి కుదిరినట్టు. సూచనలన్నీ ధ్రువ నక్షత్రం మీద చేయమంటాయి, అది కదలదు గనక. మన దగ్గర ఆ మాట పనికిరాదు. నెల్లూరులో ధ్రువుడు దిక్చక్రానికి పద్నాలుగున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. హైదరాబాదులో పదిహేడున్నర. అంత కింద ఊరి దుమ్ము, వేడి గాలి అన్నీ అడ్డం. నేను రెండు రాత్రులు ధ్రువుణ్ణి పెట్టుకుని కూర్చున్నాను, వలయాలు మరుగుతున్న నీళ్లలా కదిలాయే తప్ప ఏమీ తేలలేదు. బాగా ఎత్తుకొచ్చిన బ్రహ్మహృదయం (కపెల్లా) నక్షత్రం మీద పెడితే పది నిమిషాల్లో తేలింది. అది కదిలిపోతుంది కాబట్టి ప్రతి సవరింపు తర్వాతా దాన్ని మళ్లీ నడిమధ్యకు తెచ్చుకోవాలి. అంచున ఉంటే సూటిగా ఉన్న టెలిస్కోపులోనూ తోక కనిపిస్తుంది.

వానరోజుల్లోనే ఇంకో రెండు లోపాలు సరిచేసుకున్నాను. ఇందులో ఫోకస్ చేయాలంటే ఐపీసు గొట్టాన్నే మర తిప్పినట్టు తిప్పాలి. ఆ మర వదులుగా ఉండి, తిప్పిన ప్రతిసారీ గ్రహం పక్కకు గెంతేది. ప్లంబర్లు పైపులకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు 20 రూపాయలు. మర మీద మూడు చుట్లు చుట్టి తిప్పితే వెన్నలో తిరిగినట్టు తిరిగింది. రెండోది, పైసగం కడ్డీలే గనక వీధిదీపం వెలుగు నేరుగా లోపలికి పడుతుంది, చూసేవాళ్ల ఊపిరి తగిలి బొమ్మ వణుకుతుంది. స్టేషనరీ కొట్టులో నల్ల ఫోమ్ షీటు కొని 55 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. ఎత్తున కత్తిరించి కడ్డీల చుట్టూ చుట్టి వెల్క్రో పెట్టాను. అంతా కలిపి 120. షీటు లోపలికి ముడుచుకుని కాంతి దారికి అడ్డం రాకుండా చూసుకోవాలి.

వెంట వచ్చిన 10 మి.మీ. ఐపీసుకు కన్ను బాగా ఆనించాల్సి వస్తుంది, కళ్లద్దాలుంటే కష్టం. 900 పెట్టి 2 రెట్ల బార్లో (ఐపీసు ఇచ్చే రెట్లను రెట్టింపు చేసే కటకం) కొన్నాను. 10తో కలిపి 130 రెట్లు వచ్చాయి గానీ గురుడి అంచున నీలం, పసుపు కారాయి. ఆ డబ్బు వృథా. డిసెంబరు 9న 66 డిగ్రీల చూపున్న 6 మి.మీ. ఐపీసు ఆర్డరు పెట్టాను, 3,200. పద్దెనిమిదిన వచ్చింది. 650ని 6తో భాగిస్తే 108 రెట్లు. టెలిస్కోపు తర్వాత నేను పెట్టిన ఖర్చుల్లో నూటికి నూరుపాళ్లూ కలిసొచ్చింది ఇదొక్కటే.

ఇక ఏం పెట్టి నిలబెట్టాలన్నది. బల్ల రకం అన్నారు కదా అని మొదట ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాను. వేలు తగిలితే ఆరేడు సెకన్లు ఊగింది. చివరికి మూడు సిమెంటు ఇటుకలు, వాటి మీద పాత టేకు పీట. కుర్చీలో కూర్చుంటే ఐపీసు కంటికి సరిపోయే ఎత్తు. గొట్టాన్ని మెల్లగా తట్టి చూస్తే రెండు సెకన్లలో ఊగడం ఆగింది. పిట్టగోడ ఎంత వాటంగా కనిపించినా దాని మీద మాత్రం పెట్టకండి.

డిసెంబరు 28. అప్పటికి అద్దాలు సూటిగా ఉన్నాయి, ఐపీసు కొత్తది, పీట గట్టిది, ఆకాశం తేటగా ఉంది. ఎనిమిదిన్నరకు చూస్తే గురుడు వేడి రేకు మీద నీటిబొట్టులా కదులుతున్నాడు. పట్టీలు ఉన్నాయన్న ఛాయ తప్ప ఏమీ లేదు. నేను మిద్దెను లెక్కలోకి తీసుకోలేదు. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పక్కిళ్ల స్లాబులూ అంతే. దానికి తోడు టెలిస్కోపు తలుపులేసిన గదిలోంచి అప్పుడే తెచ్చింది, అద్దం బయటి గాలికన్నా వెచ్చగా ఉంది. గొట్టంలోనే గాలి పైకి లేస్తోంది.

పదిన్నరకు మళ్లీ వెళ్లాను. అప్పుడు ఇంకో చిక్కు. మన అక్షాంశాల్లో ఆ శీతాకాలం గురుడు దాదాపు నడినెత్తికి వచ్చాడు, నెల్లూరు నుంచి 82 డిగ్రీల ఎత్తు, అదీ ఉత్తరం వైపు. గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు పీఠాన్ని ఎంత తిప్పినా గ్రహం ఐపీసులో అంగుళం కదలదు, తిప్పితిప్పి గొట్టాన్నే గుద్దుకుంటాం. ఎర్ర చుక్కలోంచి చూడాలంటే మెడ వెనక్కి విరగాలి. కాబట్టి గ్రహం 50కీ 70కీ మధ్య ఎత్తులో ఉన్నప్పుడు పట్టుకోవడం మేలు, తూర్పున ఎక్కేటప్పుడైనా, పడమటికి దిగేటప్పుడైనా. ఆ రాత్రి నేను దిగేదాకా ఆగాను.

పదకొండు ముప్పావు. స్లాబు అరికాళ్లకు చల్లగా తగిలింది. కన్ను పెట్టాను. అదే గురుడు. మొదటి నిమిషం పాత కదలికే. ఉన్నట్టుండి రెండు సెకన్లు గాలి ఆగింది. ఆ రెండు సెకన్లలో బింబం మీద రెండు గోధుమరంగు పట్టీలు, గీసినట్టు. పైదాని అంచు నున్నగా లేదు, అక్కడక్కడా గరుకు. ధ్రువాల వైపు బూడిదరంగు. మళ్లీ మసక. మళ్లీ రెండు సెకన్లు. అలా గంటంబావు కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది చలికి కాదు.

ఇక్కడ చూసే పద్ధతి గురించి చెప్పాలి. ఒక్కసారి కన్ను పెట్టి తీసేస్తే ఏ గ్రహమైనా ముద్దే. 65 రెట్లలో గురుడు మామూలు కంటికి కనిపించే పున్నమి చంద్రుడికి ఒకటిన్నర రెట్లు పెద్దది. 108 రెట్లలో రెండున్నర రెట్లకు పైనే. అయినా బఠాణీ గింజ చూస్తున్నట్టే ఉంటుంది. కంటికి అలవాటు కావాలి. భూమి తిరుగుతుంది కనక 6 మి.మీ. ఐపీసులో గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండున్నర నిమిషాల్లో దాటిపోతుంది. ప్రతి పది సెకన్లకూ గొట్టాన్ని నెట్టకండి. గ్రహాన్ని అది వచ్చే వైపు అంచున పెట్టి, చెయ్యి తీసేసి, ఊగడం ఆగాక దాన్ని దాని దారిన సాగనిచ్చి చూడాలి. మిద్దె మీద దీపం వెలుగుతున్నా నష్టం లేదు. చీకటికి పూర్తిగా అలవాటు పడ్డ కంటికి గురుడు కళ్లు చెదిరేంత వెలుగు, అందులో లేత రంగులు కొట్టుకుపోతాయి. ఊరి వెలుగు వల్ల మసక నీహారికలు పోతాయి గానీ గ్రహాలకు ఏమీ కాదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది పెన్సిలు. గురుడు గుండ్రం కాదు, వేగంగా తిరగడం వల్ల అటూ ఇటూ ఉబ్బి ఉంటాడు. అందుకే 50 మి.మీ. వెడల్పు, 47 మి.మీ. ఎత్తుతో అండాకారం అట్ట మీద కోసి పెట్టుకుని, నోటుపుస్తకంలో రోజూ దాని చుట్టూ గీసి, కనిపించిందే అందులో నింపాను. మొదటి బొమ్మలో రెండు గీతలు. మూడు వారాల తర్వాతి బొమ్మలో పట్టీలు నాలుగు, ఒక పట్టీలో గుంట లాంటి వంపు, అందులో లేత ఇటుకరంగు. అదే పెద్ద ఎర్ర మచ్చ, గురుడి మీద తిరిగే భారీ తుపాను. ఎర్రగా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నాను. గురుడు 9 గంటల 55 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతాడు. ఐదు చుట్లకు రెండు రోజులా గంటన్నర పైచిలుకు. అంటే ఇవాళ తొమ్మిదింటికి మచ్చ మధ్యలో ఉంటే ఎల్లుండి పదిన్నర దాటాక మళ్లీ మధ్యకొస్తుంది. మధ్య గీతకు రావడానికి 50 నిమిషాల ముందు నుంచి, దాటిన 50 నిమిషాల దాకా వెతకొచ్చు. ఆ లెక్క తెలియక నేను మచ్చ అవతలి వైపున్న రాత్రులే నాలుగు కూర్చున్నాను.

జనవరిలో ఒక రాత్రి అయో అనే ఉపగ్రహం గురుడి బింబం ముందుకు వచ్చింది. ఉపగ్రహం పట్టీల వెలుగులో కలిసిపోయింది. కాసేపటికి దాని వెనకే నీడ ఎక్కింది. సూదితో పొడిచినంత నల్ల చుక్క. గురుడు ఎదురు రాక ముందు రోజుల్లో నీడ ముందు, ఉపగ్రహం వెనక వస్తాయి. ఎదురు వచ్చి దాటాక ఉపగ్రహం ముందు, నీడ వెనక. 108 రెట్లలో ఆ చుక్క బింబాన్ని దాటేదాకా కూర్చుంటే రెండు గంటలకు పైనే పడుతుంది. నాకు ఆ రెండు గంటలు తెలియలేదు.

కుజుడు జనవరి 12న మనకు బాగా దగ్గరికి, సుమారు 9.6 కోట్ల కిలోమీటర్లకు వచ్చాడు, 16న సూర్యుడికి ఎదురు. అయినా బింబం 14.6 ఆర్క్ సెకన్లే, గురుడిలో మూడోవంతుకూ తక్కువ. పునర్వసు జంట నక్షత్రాల దగ్గర నారింజరంగులో వెలిగాడు. జనవరి 13 భోగి, ఆ రోజే పున్నమి. పున్నమి వెలుగు గ్రహాలకు అడ్డు కాదు. అడ్డు వచ్చింది భోగిమంటల పొగ, తెల్లవారుజామున లేచి చూద్దామనుకున్నవాళ్లకు ఆకాశమంతా మసక. పద్నాలుగు రాత్రి పదకొండుకు బాగా కుదిరింది. అంచున ఉప్పురవ్వంత తెల్లటి చుక్క, అది ఉత్తర ధ్రువపు మంచు. నడుమ నీడలాంటి మచ్చ. కుజుడి రోజు మనకన్నా 37 నిమిషాలు ఎక్కువ. రోజూ ఒకే వేళకు చూస్తే వారమంతా ఇంచుమించు అదే ముఖం కనిపిస్తుంది. వేరే ముఖం కావాలంటే ఆ రాత్రే కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడాలి, లేదా రెండు వారాలు ఆగాలి. ఆ నెలలో గ్రహాల కవాతు అంటూ ఫోన్ల నిండా బొమ్మలు తిరిగాయి, మా వీధిలో చాలామంది మిద్దె ఎక్కి అడిగారు. అవి ఒక్క ఐపీసులో వరసగా కనిపించేవి కావని, ఒక్కోదానికీ టెలిస్కోపు తిప్పుకోవాలని చెప్పి ఒక్కొక్కటే చూపించాను. జనవరి 18న శుక్రుడూ శనీ రెండు డిగ్రీలకు కొంచెం ఎక్కువ ఎడంలోకి వచ్చారు. నా 25 మి.మీ. ఐపీసులో ఒకేసారి కనిపించే ఆకాశం రెండు డిగ్రీలకు లోపే. ఇద్దరినీ ఒకేసారి పట్టించాలని అరగంట ప్రయత్నించి వదిలేశాను.

మంచు గురించి. మాకు జనవరిలో పదకొండు దాటితే పీఠం చెక్క తడిసిపోయేది. ఐపీసు మసకబారితే తుడవకండి, చొక్కా జేబులో పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో తేటపడుతుంది. అందుకే రెండోదాన్ని ఎప్పుడూ జేబులోనే ఉంచుకునేదాన్ని. ఇంట్లోకి తేగానే మూత పెట్టకూడదు. అద్దం ఆరేదాకా గొట్టాన్ని పడుకోబెట్టి ఉంచి, ఆరాక మూత పెట్టాలి. అద్దం మీద కొంచెం దుమ్ము కనిపిస్తే గుడ్డ జోలికి వెళ్లొద్దు. ఆ దుమ్ము వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు, గీత పడితే మాత్రం అది ఎప్పటికీ ఉంటుంది.

ఫోను తగిలించే హోల్డరుకు 650 పెట్టాను. గురుడు తెల్ల బిళ్లలా పడతాడు. తెర మీద గ్రహాన్ని నొక్కి పట్టి వెలుగు బాగా తగ్గిస్తే పట్టీలు వస్తాయి, ఉపగ్రహాలు మాయమవుతాయి. రెండూ ఒకే ఫొటోలో రావు. కంటికి కనిపించింది ఫోనుకు రాలేదని నిరాశ పడకండి, వీధిలో వాళ్లకు చూపించడానికి ఆ మాత్రం చాలు. ఇటుకలకు 120 కలుపుకుని మొత్తం ఖర్చు 28,890.

అందరికన్నా తేలిగ్గా మురిపించింది శుక్రుడు. జనవరి 10న సూర్యుడికి బాగా ఎడంగా, 47 డిగ్రీల దూరంలో ఉన్నాడు, టెలిస్కోపులో సరిగ్గా సగం చంద్రుడు. చీకటి పడ్డాక చూస్తే వెలుగు చిమ్మి అంచులు తెలియవు. సూర్యుడు పూర్తిగా అస్తమించిన పది నిమిషాలకే, ఆకాశం ఇంకా నీలంగా ఉండగా చూడాలి. సూర్యుడు దిక్చక్రం కిందికి దిగకముందు గొట్టాన్ని పడమటికి తిప్పనే వద్దు. పొరపాటున సూర్యుడు ఐపీసులో పడితే కన్ను పోతుంది. ఫిబ్రవరి నడుమకు శుక్రుడు సన్నబడి వంకీ తిరిగాడు. సన్నబడే కొద్దీ పెద్దవుతాడు, మనకు దగ్గరికొస్తున్నాడు గనక. జనవరి 10న 25 ఆర్క్ సెకన్లున్నవాడు మార్చి మొదటికి 50కి వచ్చాడు.

మార్చి 1, శనివారం. అమావాస్య వెళ్లిన మర్నాడు. ఆరున్నరకు పడమట సన్నటి నెలవంక, దానిపైన శుక్రుడు. అమ్మను పైకి పిలిచాను. 65 రెట్లలో చూసి, "చంద్రుణ్ణి చూపించడానికా ఇన్ని మెట్లెక్కించావు?" అంది. "చంద్రుడు అడుగో అమ్మా, కింద" అన్నాను. తలెత్తి నెలవంకను చూసింది. మళ్లీ వంగి ఐపీసులో చూసింది. టెలిస్కోపులో వంపు తలకిందులు, వెలిగే వైపు పైకి ఉంది. నిజం చంద్రుడే ఇంకా సన్నం. "ఇది శుక్రుడా? చుక్కకు కూడా వంపుంటుందా?" అని అడిగింది. ఆ పూట గొట్టం ఆమెకే వదిలేశాను. శుక్రుడు అంచుకు జారిపోయినప్పుడల్లా "పోయిందే" అంటే నెట్టి మధ్యకు తెచ్చాను.

మార్చి 9 సాయంత్రం వంపు దారం పోగులా ఉంది, సంధ్య వెలుగులో బాగా కిందికి దిగిపోయింది. సూర్యుడికి అంత దగ్గర పెట్టుకుని వెతకడం మంచిది కాదని ఆ రోజుతో ఆపేశాను.